ఆరుగురికీ ఒకే డబ్బా

"పన్నెండింటికి ఇతని మీద కేసు కడుతున్నాను గ్లెనిస్. ఈలోగా నువ్వేమైనా అడగాలనుకుంటే అడుగు. నాకేం అభ్యంతరం లేదు."

మెల్‌బోర్న్ నుంచి హత్య కేసులు చూడటానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ క్రెయిగ్ స్ట్రాటన్ ఆ మాటను, ఎవరి మీద కేసు కడుతున్నాడో ఆ మనిషి ఎదుటే అన్నాడు. అది అతని పద్ధతి. మెర్రిగల్ స్టేషన్లో ఏళ్ళ తరబడి సార్జెంటుగా ఉన్న నాకు, నా గదిలోనే, నా కుర్చీలోనే కూర్చుని అనుమతి ఇవ్వడం కూడా అతని పద్ధతే. నేను పళ్ళు బిగబట్టి గోడవారగా ఉన్న స్టూలు లాక్కున్నాను.

బల్లకు అవతల నోయెల్ ఫిచ్ కూర్చున్నాడు. అరవై దాటిన ప్లంబరు. ఊళ్ళో సగం ఇళ్ళకు పైపులు బిగించింది అతనే. మా ఇంట్లో వేడినీళ్ళు వస్తున్నాయంటే అతని చలవే. పని చేస్తున్నంతసేపూ వాగుతూనే ఉంటాడని అతణ్ణి పిలవడానికి జనం భయపడతారు. అలాంటివాడు ఇవాళ నోట్లో నాలుక లేనట్టు తన చేతులకేసి చూసుకుంటున్నాడు.

జరిగింది ఇది. నోయెల్, అతని ప్రాణస్నేహితుడు రోలీ బీచమ్, ఇంకో నలుగురు, అందరూ యాభై దాటినవాళ్ళే, ప్రతి శనివారం తెల్లారగానే సైకిళ్ళ మీద శాడ్లర్స్ కొండ ఎక్కి దిగి బేకరీ దగ్గర తేలతారు. ఒంటికి అతుక్కుపోయే ఆ రంగురంగుల బట్టల్లో పొట్టలు వేసుకుని, మాగ్‌పై పిట్టలు తలమీద పొడవకుండా హెల్మెట్లకు ప్లాస్టిక్ ముళ్ళు గుచ్చుకుని, నా ముందు లైనులో నిలబడే ఈ మగాళ్ళంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట. అది వేరే సంగతి. పోయిన శనివారం కొండ సగం ఎక్కాక రోలీ సైకిలు దిగి, గుండె పట్టుకుని, రోడ్డు పక్కన కూలబడ్డాడు. అంబులెన్సు వచ్చేలోపే పోయాడు.

రోలీ రిటైరైన వడ్రంగం మాస్టారు. ఈ ఊళ్ళో ఎవరి చేతిలో రంపం తిన్నగా నడిచినా అది అతను నేర్పిందే. అందరం గుండెపోటే అనుకున్నాం. మూడు రోజుల కింద పరీక్షల ఫలితాలు వచ్చాయి. అతని రక్తంలోనూ, సైకిలుకు ఉన్న బాటిల్లోనూ గుర్రాన్ని పడగొట్టేంత కెఫీన్ ఉంది. రోలీకి గుండె దడ. గుండె డాక్టరు వద్దన్న రోజునుంచి అతను కాఫీ ముట్టలేదు. బేకరీలో చిన్నపిల్లాడిలా వేడి చాక్లెట్ తాగుతున్నావని మిగతా ఐదుగురూ అతణ్ణి ఏడిపించడం నేను చెవులారా విన్నాను.

స్ట్రాటన్ మనుషులకు నోయెల్ గ్యారేజీలో పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి దొరికింది. దాని అడుగున ఎర్రటి పొడి మిగిలి ఉంది. అందులో కెఫీన్ లేదు. కానీ ఆ గుంపు మొత్తానికి బాటిళ్ళు నింపేది నోయెల్ ఒక్కడే. స్ట్రాటన్‌కు అది చాలు.

"ఆ డబ్బా సంగతి ముందు నాకు చెప్పు నోయెల్" అన్నాను. "మొదట్నుంచీ చెప్పు."

అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఊరి చివరి క్రీడా పరిశోధన కేంద్రంలో డాక్టర్ ఏడ్రియన్ మాసప్ అని ఒకాయన ఉన్నాడు. వయసు మళ్ళుతున్న సైకిలు రాయుళ్ళు బీట్‌రూట్ పొడి తింటే అలసిపోకుండా ఎక్కువసేపు తొక్కగలరా అన్నది ఆయన పరిశోధన. మొదటి విడతకు ఈ ఆరుగురినీ తీసుకున్నాడు. ముగ్గురికి అసలు పొడి, ముగ్గురికి అందులోని బలం తీసేసిన ఉత్తుత్తి పొడి. రంగు, రుచి, వాసన రెండింటికీ ఒకటే. ఎవరికి ఏది వచ్చిందో వాళ్ళకు తెలియదు. రెండు నెలలు తిని, వారానికోసారి వెళ్ళి ఆయన దగ్గరున్న కదలని సైకిలు తొక్కి రావాలి.

"మరి డబ్బా ఎందుకు?"

"నీకు మా గుంపు సంగతి తెలీదు గ్లెనిస్" అన్నాడు నోయెల్. "ఎదురుగాలికి ముందు ఒకడే ఉండడు. కాసేపు వాడు, కాసేపు నేను. వెనకాల నక్కి ఊరికే వచ్చేవాణ్ణి మేం ఉంచుకోం. డాక్టరు ఆరు సంచుల పొడి ఇచ్చాడు. రోలీ అన్నాడు, ఇదేం న్యాయంరా, ముగ్గురు తినడమేంటి, ముగ్గురు చూస్తూ కూర్చోవడమేంటి అని. నిజమేగా? ఆరు సంచులూ డబ్బాలో పోసి, సిమెంటు కలిపినట్టు కలిపేశాం. అందరికీ తలా ఓ చెంచా."

స్ట్రాటన్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పరీక్ష నాశనమైపోతుందని తోచలేదా అని అడిగాను.

"తోచింది. రెండోవారం తోచింది. అప్పటికి కలిసిపోయింది కదా. కలిసిన పొడిని ఎవడు విడదీస్తాడు?" అని తల దించుకున్నాడు. "ఆయనకు చెప్పడానికి మొహం చెల్లలేదు. మంచి మనిషి. నా నడుం నొప్పి గురించి కూడా అడిగేవాడు."

శుక్రవారం సాయంత్రం తనే ఆరు బాటిళ్ళూ నింపి గ్యారేజీలో ఫ్రిజ్‌లో పెట్టానన్నాడు. పక్క తలుపుకు ఎప్పుడూ తాళం ఉండదు. పొద్దున్న ఎవరి బాటిల్ వాళ్ళు తీసుకుంటారు. ఆ శనివారం మాత్రం రోలీ గ్యారేజీకి రాకుండా, ఊరికి అటు వైపు నుంచి వచ్చి బేకరీ మలుపు దగ్గర వాళ్ళను కలుసుకున్నాడట.

"ఎక్కడినుంచి వచ్చాడు?"

నోయెల్ కుర్చీలో పక్కకు తిరిగాడు.

"నీకు తెలుసు" అన్నాను.

"తెలుసు. చెప్పను. చెప్పనని వాడికి మాటిచ్చాను. కొండ మీద, వాడు పడిపోవడానికి కాస్త ముందు."

స్ట్రాటన్ కాగితాలు సర్దుకుని లేచాడు. రోలీ అంతకుముందే వచ్చి బాటిల్ తీసుకెళ్ళాడనీ, అందులో నోయెల్ ఏం కలిపాడో తీరిగ్గా కోర్టులో తేలుతుందనీ అన్నాడు. నిర్లక్ష్యంగా కలిపాడో కావాలని కలిపాడో అన్నదొక్కటే ఇక మిగిలిన ప్రశ్నట. ఈ మొండివాడు చచ్చిపోయిన స్నేహితుడికిచ్చిన మాట కోసం జైలుకు పోయేలా ఉన్నాడు. అది కూడా ఆ స్నేహితుణ్ణే చంపాడన్న పేరు నెత్తిన వేసుకుని.

నేను బయటికొచ్చేసరికి పదకొండు కావస్తోంది. తిన్నగా నోయెల్ ఇంటికి వెళ్ళాను.

అతని భార్య జానెట్ నన్ను చూడగానే టీ పెట్టబోయింది. వద్దన్నా వినలేదు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. గ్యారేజీ తలుపు తీసి, పోలీసులు అన్నీ పట్టుకుపోయారు, ఇంకేముంది చూడ్డానికి అంది. నిజమే. బల్ల మీద డబ్బా ఉన్నచోట గుండ్రటి మచ్చ మాత్రం ఉంది. చెంచా లేదు. గోడకు నాలుగు పాత చక్రాలు వేలాడుతున్నాయి. మూలనున్నది బీరు ఫ్రిజ్. ప్రతి గ్యారేజీలోనూ ఉండేదే. తలుపు తీశాను. పై అరలో బీరు డబ్బాలు, సాసేజ్‌లు. కింది అరలో చెక్కపలకతో చేసిన స్టాండు ఒకటి, ఆరు గుండ్రటి కంతలతో.

"రోలీ చేసిచ్చాడు" అంది జానెట్. "బాటిళ్ళు దొర్లిపోతున్నాయని."

ఐదు కంతలు ఖాళీ. ఆరోదాంట్లో ఒక తెల్ల బాటిల్ నిండుగా ఉంది. అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంది. మెడకు ఎర్ర టేపు చుట్టి ఉంది.

ఆ ఎర్ర టేపు ఎవరిదని అడిగాను. రోలీదేనంది. ఆరు బాటిళ్ళూ డాక్టరు కేంద్రంలో ఇచ్చినవేననీ, అన్నీ ఒకేలా ఉన్నాయని ఒక్కొక్కరూ ఒక్కో రంగు టేపు చుట్టుకున్నారనీ, నోయెల్‌ది నీలమనీ చెప్పింది.

చేతికి తొడుగు వేసుకుని దాన్ని వెలుతురులోకి తిప్పాను. ఈ బాటిళ్ళకు పైన మెత్తటి మూతి ఉంటుంది. ఒక చెయ్యి హ్యాండిల్ మీద ఉంటుంది కాబట్టి దాన్ని పళ్ళతో లాగి తెరుస్తారు, మళ్ళీ పళ్ళతోనే నొక్కి మూస్తారు. రెండు నెలల్లో ఆ మూతి కుక్క నమిలిన చెప్పులా తయారైంది. ముందు భాగంలో మాత్రం ఒకే ఒక్క గాటు బాగా లోతుగా దిగింది. రోలీకి ముందు పన్ను సగం విరిగి ఉండేది. రెండు చలికాలాల క్రితం కింద పడి విరగ్గొట్టుకున్నాడు. కట్టించుకోమని భార్య ఎంత పోరినా, బేకరీలో మాంసం కూరిన 'పై' తినడానికి మిగతా పళ్ళు చాలన్నాడు.

"అది వదిలెయ్. ఈ గుంపులో ఒక్కొక్కడికీ పది బాటిళ్ళుంటాయి."

స్ట్రాటన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నా వెనకే వచ్చాడన్నమాట. నా మీద నమ్మకం లేక వచ్చాడో, తన మీద తనకే లేక వచ్చాడో నాకు తెలియదు.

"రోలీ సైకిలుకు ఉన్న బాటిల్ ఫొటో నీ ఫోనులో ఉందా?" అని అడిగాను.

ఉంది. విసుక్కుంటూనే చూపించాడు. తెల్ల బాటిల్. టేపు లేదు. వేలితో ఫొటో పెద్దది చేసి మూతి చూశాను. నున్నగా, కొట్టు నుంచి అప్పుడే తెచ్చినట్టు ఉంది. ఒక్క పన్ను కూడా సరిగ్గా దిగలేదు.

"ఇది రోలీది" అని చేతిలోని బాటిల్ చూపించాను. "నోయెల్ శుక్రవారం నింపింది. శనివారం ఎవరూ తియ్యలేదు. నీ ఫొటోలోది రోలీది కాదు. కొత్తది. అది ఈ గ్యారేజీలోంచి వెళ్ళలేదు."

"నోయెల్ ఇంకో బాటిల్ ఇచ్చి ఉండొచ్చు."

"రోలీ బాటిల్ చేతిలో ఉండగా, దాంట్లో కలపకుండా కొత్తది వెతికి కలుపుతాడా? పైగా అసలుదాన్ని మనకోసం ఫ్రిజ్‌లో దాచిపెడతాడా? నోయెల్ తెలివి గురించి నాకేం పెద్ద అభిప్రాయం లేదు గానీ, మరీ అంత కాదు క్రెయిగ్."

"పైపులు బిగించినవాడంటే నీకు అభిమానం. అది సాక్ష్యం కాదు."

"పంటి గాట్లు సాక్ష్యమే. నీ మనుషులు ఈ ఫ్రిజ్ తెరిచి బీరు చూసి మూసేశారు. అది కూడా నీ రిపోర్టులో రాసుకో."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఒక ఇన్‌స్పెక్టరుతో అలా మాట్లాడకూడదని నాకు తెలుసు. మూడు రోజులుగా మింగుతున్నది ఒక్కసారి బయటికొచ్చింది. కొత్త బాటిళ్ళు దొరికేది ఎక్కడ అని అతనే అడిగాడు, ఈసారి గొంతు తగ్గించి. డాక్టరు కేంద్రంలో, అని జానెట్ జవాబు చెప్పి, వెంటనే డాక్టరును వెనకేసుకొచ్చింది. అలాంటి మనిషిని అనుమానించడం పాపమంది. పోయిన బుధవారం, అంటే రోలీ పోవడానికి మూడు రోజుల ముందు, పరీక్షలన్నీ అయిపోయాయని తమ పెరట్లోనే బార్బెక్యూ పెట్టుకున్నారట. సాసేజ్‌లు డాక్టరే తెచ్చాడు. అందరినీ కూర్చోబెట్టి, ఎవరికి అసలు పొడి వచ్చిందో ఎవరికి ఉత్తుత్తిది వచ్చిందో ఆ సాయంత్రమే బయటపెట్టాడు.

"నోయెల్‌ది అసలుదట" అంది. కన్నీళ్ళలోనే ఆమె మొహం కాస్త వెలిగింది. "అసలు తిన్న ముగ్గురూ ఎంత బాగా తొక్కారో చెప్పాడు. ఉత్తుత్తిది తిన్నవాళ్ళు ఉన్నచోటే ఉన్నారట. రోలీ అందులో. ఇంక చూడు, మావాళ్ళు వాణ్ణి ఒక్క నిమిషం వదల్లేదు. ఉత్తుత్తి మాస్టారూ, ఉత్తుత్తి మాస్టారూ అని ఒకటే గోల. వాడు మాత్రం నవ్వలేదు. సాసేజ్ కూడా వదిలేసి పెందలాడే ఇంటికెళ్ళిపోయాడు."

నా చేతిలో బాటిల్ బరువెక్కినట్టనిపించింది. ఆ సాయంత్రం నోయెల్ తను గెలిచానని మురిసిపోయి ఉంటాడు. మిగతావాళ్ళు ఏడిపించడంలో మునిగిపోయి ఉంటారు. లెక్క ఎక్కడో తప్పిందని, అది తాము కలపడం వల్లేనని బాధపడ్డవాడు రోలీ ఒక్కడే.

"కొండ మీద నోయెల్ ఎప్పుడైనా రోలీని దాటిపోయాడా జానెట్? ఈ రెండు నెలల్లో?"

"నోయెలా?" అంది. "పాతికేళ్ళుగా వాడి వెనక చక్రం చూస్తూ ఎక్కడమేగా ఈయన పని."

నేను స్ట్రాటన్ వైపు తిరిగాను. "ఆరుగురూ ఒకే డబ్బాలోంచి ఒకే పొడి తిన్నారు. అసలుదీ ఉత్తుత్తిదీ సగంసగం. ఒక్కొక్కరికీ ఒకే చెంచా. మరి ముగ్గురు బాగుపడి, ముగ్గురు ఎలా ఆగిపోయారు?"

బుర్ర లేనివాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. బల్ల మీద ఖాళీగా ఉన్న ఆ గుండ్రటి మచ్చను చూస్తూ నిలబడ్డాడు.

"తేడా రాకూడదు" అన్నాడు చివరికి.

"రాలేదు. వచ్చిందని చెప్పాడు. యంత్రం ఏం చూపించినా, ఆయన ముందే అనుకున్న అంకెలు వేసుకున్నాడు. వచ్చే నెలలో ఆ పొడి ఆయన బొమ్మతో ప్రతి మందుల షాపులోకీ వస్తోంది. బేకరీ గోడ మీద పోస్టరు కూడా పెట్టారు. ఈ ఆరుగురిలో ఒక్కడు వెళ్ళి, డాక్టరు గారూ, మేం అన్నీ కలిపేశాం, క్షమించండి అంటే ఆయన పని అయిపోయినట్టే. క్షమాపణ చెప్పడానికి వచ్చినవాడికి, తనేం చెబుతున్నాడో కూడా తెలియదు."

"అయినా కుదరదు" అన్నాడు స్ట్రాటన్. ఈసారి ఎగతాళి లేదు, నిజంగానే ఆలోచిస్తున్నాడు. "కలిపింది ఆరుగురు. ఒకణ్ణి చంపి ఏం లాభం? ఇంకా ఐదుగురున్నారుగా."

ఆ ప్రశ్నకు జవాబు కావాలి. అది లేకపోతే నోయెల్‌ను విడిపించడం కష్టం. పంటి గాట్లను కోర్టులో ఏ లాయరైనా నమిలి ఉమ్మేస్తాడు.

జానెట్ మా మాటలన్నీ వింటూనే ఉంది గానీ, ఆమెకు సగమే ఎక్కినట్టుంది. డాక్టరు మీద మాకెందుకంత కోపమో అర్థం కావడం లేదంది. ఆయన ఇందాకే ఫోను చేశాడట. నేను స్టేషన్ నుంచి బయల్దేరగానే నోయెల్ అక్కడి ఫోనులోంచి ఆయనకు ఫోను చేసి, పొడి అందరం కలిసే కలిపామని ఒప్పేసుకున్నాడట.

"ఎంత పెద్ద మనసో చూడు" అంది. "ఒక్క మాట అనలేదట. పాపం నోయెల్ ఒక్కడే ఉన్నాడు, వెళ్ళి కాసేపు కూర్చుంటాను అన్నాడు. మీ స్టేషన్ కాఫీ మనుషులు తాగేది కాదుగా, తాగడానికి ఏమైనా పట్టుకెళతానన్నాడు."

స్ట్రాటన్, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అతను ఫోను తీసి స్టేషన్‌కు కొట్టాడు. మా కౌంటరులో మనిషి కాసేపు బయటికెళితే ఆ ఫోను ఎక్కడో నగరంలో మోగుతుంది. మోగింది. మీ కాల్ మాకెంతో ముఖ్యమని ఒక ఆడగొంతు చెప్పడం మొదలుపెట్టింది. అతను బూతు ఒకటి తిట్టి కారు వైపు పరుగెత్తాడు. నేను ఎర్ర టేపు బాటిల్‌ను సంచిలో వేసుకుని వెనకే పరుగెత్తాను. ఈ వయసులో, ఈ బూట్లతో.

దారిలో నాకు ఒకటే ఆలోచన. నోయెల్ అక్కడ పడిపోతే ఎవరూ ఏమీ అడగరు. చేసిన పనికి సిగ్గుపడి ఆ ముసలాడే తాగేశాడంటారు. కేసు మూసేస్తారు. పన్నెండింటికి కేసు కడతానన్న మనిషే తనకు తెలియకుండా దానికి దారి వేసి పెట్టాడు. ఆ సంగతి అతనికి కూడా తట్టినట్టుంది, సిగ్నలు దగ్గర ఆగలేదు.

నా గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

ఇద్దరే ఉన్నారు. నోయెల్ ఇందాక కూర్చున్నచోటే కూర్చున్నాడు. డాక్టర్ మాసప్ నా కుర్చీలో ఉన్నాడు. సన్నగా, శుభ్రంగా, నలభై దాటినా కుర్రాడిలా ఉండే మనిషి. బల్ల మీద కొత్త తెల్ల బాటిల్, మూత పూర్తిగా విప్పేసి ఉంది. దాని పక్కన నా కాఫీ మగ్గు. బాటిల్ సగానికి తగ్గింది.

ఒక్క అంగలో బల్ల దగ్గరికి వెళ్ళాను.

"వచ్చావా గ్లెనిస్" అన్నాడు నోయెల్. "నువ్వైనా చెప్పు ఈయనకి. సగం మగ్గులో పోసిచ్చాను. ముట్టుకోడు. నేనొక్కణ్ణే ఎలా తాగుతాను? మా గుంపులో అలా ఉండదు బాబూ అంటే వినడే."

"నాకు దాహం లేదని చెబుతున్నానుగా నోయెల్" అన్నాడు డాక్టరు. గొంతు మెత్తగానే ఉంది. నుదుటి మీద మాత్రం చెమట.

"నువ్వు తాగావా?"

"ఆయన మొదలెడితే తాగుదామని ఆగాను."

మగ్గులో ఎర్రటి నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. మిగతాది బాటిల్లో ఉంది. నేను స్టూలు మీద కూర్చున్నాను. స్ట్రాటన్ చప్పుడు చేయకుండా వచ్చి డాక్టరు కుర్చీ వెనక నిలబడ్డాడు.

"నోయెల్, రోలీ శనివారం పొద్దున్న ఎక్కడికి వెళ్ళాడు? ఇంక దాచకు."

నోయెల్ డాక్టరు వైపు చూసి, ఈయనకే చెప్పేశాక ఇంకెవరి దగ్గర దాచాలి అన్నాడు.

"ఈయన దగ్గరికే వెళ్ళాడు. ముందు రాత్రి ఫోను చేస్తే, ఈయన పొద్దున్నే రమ్మన్నాడట. తప్పయిపోయింది, పొడి కలిపింది నేనొక్కణ్ణే, మిగతావాళ్ళకు తెలీదు అని చెప్పాడట. ఎందుకురా అలా అన్నావని కొండ మీద అడిగాను. ఇవాళ ముందు నా వంతురా, మీరు వెనక ఉండండి అన్నాడు. ఎవరికీ చెప్పకు అని ఒట్టేయించుకున్నాడు. వారం రోజులు పట్టుకున్నాను గ్లెనిస్. ఇంక నావల్ల కాలేదు. పోయినవాడి మీద మా అందరి తప్పూ ఉంచేస్తే నాకు నిద్రెలా పడుతుంది? అందుకే ఫోను చేసి చెప్పేశాను."

నేను స్ట్రాటన్ మొహం చూశాను. ఐదుగురిని వదిలి ఒకణ్ణే ఎందుకు చంపాడన్న ప్రశ్నకు జవాబు వచ్చేసింది. ఆ జవాబు ఇచ్చినవాడికి మాత్రం తను ఇచ్చినట్టు తెలియదు.

"ఈయన కోప్పడ్డాడా మరి రోలీ మీద?"

"ఛ. కోప్పడలేదట. భుజం తట్టి పంపించాడట. కొండ ఎక్కబోతున్నావుగా, దారిలో తాగమని కొత్త బాటిల్ కూడా నింపి..."

నోయెల్ అక్కడ ఆగిపోయాడు.

నోయెల్ కళ్ళు బల్ల మీది తెల్ల బాటిల్ దగ్గరికి వెళ్ళాయి. అక్కణ్ణుంచి మగ్గు దగ్గరికి. అక్కణ్ణుంచి డాక్టరు మొహం దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయాయి. ఏళ్ళ తరబడి ఎవరి ఇంట్లో ఏ పైపు ఎక్కడ కారుతోందో చూపుతో పట్టేసిన మనిషి. ఇప్పుడు కూడా పట్టేశాడు.

నేను మగ్గును డాక్టరు ముందుకు జరిపాను. "తాగండి డాక్టరు గారూ. బీట్‌రూటేగా."

మాసప్ నవ్వబోయాడు. మగ్గు పిడి పట్టుకున్నాడు. ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. మణికట్టు పక్కకు తిరగబోయింది, చెయ్యి తగిలి ఒలికిపోయినట్టు. స్ట్రాటన్ వెనకనుంచి ఆ మణికట్టును పట్టుకుని, ఒక్క చుక్క కూడా కింద పడకుండా మగ్గును బల్లకు అదిమిపెట్టాడు.

"ఇది నేను తీసుకుంటాను" అన్నాడు. తర్వాత నావైపు చూడకుండా, "నువ్వు బాటిల్ తీసుకో సార్జెంట్" అన్నాడు. వచ్చిన దగ్గర్నుంచి అతను నన్ను ఆ మాటతో పిలవడం అదే మొదలు.

స్ట్రాటన్ మాసప్‌ను బయటికి తీసుకెళ్ళాడు. నేను బాటిల్ మూత బిగించి, సంచిలో వేసి, సీలు వేశాను. అయిపోయింది నోయెల్, లే, ఇంటికెళ్ళు, జానెట్ ఎదురు చూస్తోంది అన్నాను. అతను లేవలేదు.

"కొండ మీద వాడు నాకివ్వబోయాడు గ్లెనిస్" అన్నాడు. "కొత్త బాటిల్‌రా, చెరి సగం తాగుదాం అన్నాడు. నాకు నాది ఉంది, నీది నువ్వే తాగు పోరా అన్నాను."

నేను వెళ్ళి తలుపు మూసి, వచ్చి అతని పక్కన కూర్చున్నాను.